వయసు అడిగిన దేవుడు

ఇశ్రాయేలు ప్రజల చరిత్రలో కాదేషు ఒక చేదు మలుపు. వాగ్దాన దేశం కనుచూపు మేరలో ఉంది. వేగు చూడటానికి వెళ్లిన పన్నెండుమందిలో పదిమంది భయాన్ని మోసుకొచ్చారు, ఇద్దరే విశ్వాసంతో తిరిగొచ్చారు. జనం పదిమంది మాటే నమ్మారు. రాత్రంతా ఏడ్చారు, మోషే మీద సణిగారు, ఐగుప్తుకే తిరిగిపోదామన్నారు. అప్పుడు దేవుని తీర్పు వెలువడింది. తిరుగుబాటు చేసిన ఆ తరం వాగ్దాన దేశంలో అడుగు పెట్టదు, అరణ్యంలోనే రాలిపోతుంది అన్నాడాయన (సంఖ్యాకాండము 14). అయితే అంతటి ఆగ్రహంలో సైతం దేవుడు చేసిన ఒక పని దగ్గర మన ప్రసంగాలు అంతగా ఆగవు. ఆయన వయసు అడిగాడు! ఇరవై ఏళ్లు, ఆపైన వయసుతో లెక్కలోకి వచ్చిన వారి మీదనే ఆ తీర్పు పడింది. అంతకన్నా చిన్నవాళ్లకు కనాను తలుపు మూసుకోలేదు. చాలా ఏళ్ల తర్వాత మోషే ఆ సంగతిని గుర్తు చేస్తూ, వాళ్లు ఆనాటికి మంచి చెడ్డలు ఎరగని పిల్లలని కారణం కూడా చెప్పాడు (ద్వితీయోపదేశకాండము 1:39).

అలాగని ఆ పిల్లలకు ఏ కష్టమూ లేకుండా పోయిందా? లేదు. పెద్దల అపనమ్మకపు ఫలితాన్ని వాళ్లూ నలభై ఏళ్లు మోశారు (సంఖ్యా 14:33). ఎండలో నడిచారు, గుడారాలు మోశారు, క్రమశిక్షణ నేర్చుకున్నారు. వాళ్లకు అరణ్యం తప్పలేదు, కానీ కనాను పోలేదు. ఇరవై అన్న అంకెను తెచ్చి ఈనాటి చట్టానికి కొలబద్ద చేయమని నేనడం లేదు. తీర్పు తీర్చేటప్పుడు పసితనాన్ని, యౌవనాన్ని లెక్కలోకి తీసుకోవడం మెతకదనం కాదని, అది న్యాయంలో భాగమేనని పరిశుద్ధ గ్రంథమే చూపిస్తోందని మాత్రం గుర్తించాలంటున్నాను.

మన దేశంలో 18 ఏళ్లు నిండని పిల్లలు నేరంలో చిక్కుకుంటే వాళ్లను ఎలా చూడాలో చెప్పే చట్టం ఒకటుంది. దాని పేరు జువెనైల్ జస్టిస్ చట్టం, 2015. మన సంఘాల్లో చాలామంది ఆ పేరును టీవీ చర్చల్లోనే విన్నారు, అదీ కోపంతోనే విన్నారు. ‘మైనర్లట, మూడేళ్లలో బయటికొచ్చేస్తారట’ అన్న ఒక్క మాటే వాళ్ల మనసులో మిగిలింది. ఆ చట్టంలో ఇంకేముందో తెలుసుకునే అవసరం మనకు రాదని కూడా అనుకుంటాం. కానీ పేటల్లో, కాలనీల్లో, పల్లెల్లో సేవ చేసే ఏ పాస్టరునైనా అడిగి చూడండి. అర్ధరాత్రి తలుపు తట్టి ‘అయ్యగారూ, మా వాణ్ణి పోలీసులు పట్టుకుపోయారు’ అని ఏడ్చే తల్లి ఆయనకు కొత్త కాదు. ఆ క్షణాన పాస్టరుగారికి ప్రార్థనతో పాటు కొంత చట్టం కూడా తెలిసి ఉంటే ఆ పిల్లవాడి బతుకు మరో దారిన నడుస్తుంది.

ఈ ఆలోచన నిన్న మొన్న పుట్టింది కాదు. ఇంగ్లండులోని బ్రిస్టల్ నగరంలో ఒక సంఘ బోధకుని కుమార్తె అయిన మేరీ కార్పెంటర్, నేరాలు చేసి జైళ్ల పాలవుతున్న పిల్లల కోసం 1852లో ఒక సంస్కరణ పాఠశాల తెరిచింది. పిల్లవాణ్ణి ముదిరిన నేరస్తుల మధ్య పడేస్తే వాడు నేరంలో పట్టభద్రుడై తిరిగొస్తాడన్నది ఆమె ఆవేదన. 1866లో ఆమె మన దేశానికీ వచ్చింది, ఇక్కడి జైళ్లు చూసింది, ఇక్కడి పిల్లలకూ అలాంటి పాఠశాలలు కావాలని అధికారుల వద్ద గట్టిగా వాదించింది. 1876లో సంస్కరణ పాఠశాలల చట్టం వచ్చింది. 1920లో మద్రాసు బాలల చట్టం వచ్చింది. కోస్తా, రాయలసీమ జిల్లాలు అప్పట్లో మద్రాసు ప్రెసిడెన్సీలోనే ఉండేవి. 1986లో దేశమంతటికీ ఒకే చట్టం వచ్చింది, అందులో అబ్బాయిలకు 16, అమ్మాయిలకు 18 ఏళ్లను హద్దుగా పెట్టారు. ఐక్యరాజ్యసమితి బాలల హక్కుల ఒడంబడికను భారతదేశం 1992లో అంగీకరించింది. ఆపైన 2000లో వచ్చిన చట్టం అబ్బాయిలకూ అమ్మాయిలకూ ఒకే హద్దు పెట్టింది. అదే 18 ఏళ్లు.

ఇంతకూ ఈ చట్టం ఇచ్చే రక్షణ ఏమిటి? ఒక పదిహేనేళ్ల కుర్రవాణ్ణి సెల్‌ఫోను దొంగతనం కేసులో పోలీసులు తీసుకెళ్లారనుకుందాం. చట్టం ప్రకారం వాణ్ణి వెంటనే ప్రత్యేక బాలల పోలీసు విభాగానికి గానీ, స్టేషనులో పిల్లల వ్యవహారాలు చూసే బాలల సంక్షేమ పోలీసు అధికారికి గానీ అప్పగించాలి. లాకప్‌లో పెట్టకూడదు, జైలుకు పంపకూడదు. బేడీలు వేయకూడదు, కొట్టకూడదు, కాగితాల మీద బలవంతంగా సంతకం చేయించకూడదు. తల్లిదండ్రులకు కబురు చేయాలి. ప్రయాణ సమయం మినహాయించి 24 గంటల్లోగా జువెనైల్ జస్టిస్ బోర్డు ముందు హాజరు పరచాలి. ఇలాంటి చిన్న నేరంలో పెద్దలెవరూ లేకపోతే నిబంధనల ప్రకారం ఎఫ్‌ఐఆర్ కూడా నమోదు చేయరు. స్టేషను డైరీలో రాసుకుని, పిల్లవాడి ఇంటి పరిస్థితులపై ఒక నివేదికను బోర్డుకు పంపుతారు.

ఆ బోర్డు మామూలు కోర్టులాంటిది కాదు. అందులో ఒక మేజిస్ట్రేటు, ఇద్దరు సామాజిక కార్యకర్తలు ఉంటారు. ఆ ఇద్దరిలో కనీసం ఒకరు మహిళ. వాళ్లు పిల్లవాణ్ణి నిర్దోషిగానే భావించి విచారణ మొదలుపెట్టాలి. లాయరును పెట్టుకునే స్తోమత లేకపోతే న్యాయసేవాధికార సంస్థ ఉచితంగా లాయరును ఇస్తుంది. బెయిలు విషయంలో పిల్లలకూ పెద్దలకూ చాలా తేడా ఉంది. పెద్దల విషయంలో ఇది బెయిలు ఇవ్వదగిన నేరమా కాదా అని చూస్తారు. పిల్లల విషయంలో ఆ తేడా లేకుండా బెయిలు ఇవ్వడమే పద్ధతి. విడుదల చేస్తే నేరస్తుల చేతుల్లో పడతాడనో, వాడికే ప్రమాదమనో, న్యాయానికి భంగం కలుగుతుందనో సహేతుకమైన కారణం ఉంటేనే నిరాకరించాలి, ఆ కారణాన్ని రాయాలి. బెయిలు వచ్చినా షరతులు తీర్చలేక ఏడు రోజులు గడిచిపోతే, ఆ షరతులు మార్చడం కోసం పిల్లవాణ్ణి మళ్లీ బోర్డు ముందుకు తీసుకురావాలి. పేదవాడి కొడుకు జామీను దొరకలేదన్న ఒకే కారణంతో అబ్జర్వేషన్ హోంలో మగ్గిపోకూడదన్నది దీని భావం.

విచారణ నాలుగు నెలల్లో ముగియాలి, మహా అయితే మరో రెండు నెలలు పొడిగించవచ్చు. చిన్న నేరాల్లో అప్పటికీ తేలకపోతే కేసు అక్కడితో ఆగిపోతుంది. నేరం చేశాడని తేలితే బోర్డు మందలించి పంపవచ్చు, కౌన్సెలింగుకు పంపవచ్చు, సమాజ సేవ చేయించవచ్చు, తల్లిదండ్రుల లేదా ఒక యోగ్యుడైన వ్యక్తి సంరక్షణలో ఉంచవచ్చు, మూడేళ్లకు మించకుండా స్పెషల్ హోంకు పంపవచ్చు. ఏ నేరంలోనైనా సరే పిల్లలకు మరణశిక్ష గానీ, విడుదలకు అవకాశం లేని జీవిత ఖైదు గానీ వేయకూడదు. కేసు ముగిశాక సాధారణంగా ఆ నేరం మచ్చగా వెంటాడకూడదు, నిర్ణీత కాలం తర్వాత ఆ రికార్డును నాశనం చేయాలి. ఉద్యోగానికి ప్రవర్తన సర్టిఫికెట్ అడిగినప్పుడు సైతం ముగిసిపోయిన ఆ పాత కేసు సంగతి పోలీసులు బయటపెట్టకూడదు.

చట్టంలోని ఈ చివరి మాట చదివినప్పుడు ఏ విశ్వాసికైనా 25వ కీర్తన గుర్తుకు రావాలి. గొప్ప రాజు, దేవుని మనసెరిగిన భక్తుడు దావీదు ఆ కీర్తన ఏడవ వచనంలో, తన చిన్ననాటి పాపాలను జ్ఞాపకం పెట్టుకోవద్దని దేవుణ్ణి వేడుకుంటాడు. దావీదుకు కూడా బయటపడితే తలదించుకోవలసిన యౌవనం ఒకటుందన్నమాట! మనకు లేదా? మన బాల్య పాపాలను దేవుడు మరచిపోవాలని కోరుకుంటాం, పక్కింటి పిల్లవాడి తప్పును మాత్రం వాడి పెళ్లి సంబంధం దాకా గుర్తు పెట్టుకుంటాం. ‘వాడు జువెనైల్ హోంలో ఉండొచ్చాడు తెలుసా’ అన్న మాట మన మందిరాల మెట్ల మీదే వినబడుతుంది. దేవుడు మరచిపోయే పాపాన్ని, చట్టం చెరిపేసే రికార్డును సంఘం మాత్రం భద్రపరుస్తోందంటే మనం ఎవరి సంఘమో ఆలోచించుకోవాలి.

ఇంత మంచి చట్టం ఉన్నాక ఇక సమస్య ఏమిటని అడగవచ్చు. చట్టం దానంతటదే నడిచి స్టేషనుకు రాదు. ఎవరో ఒకరు ఆ పిల్లవాడి పక్కన నిలబడి ‘అయ్యా, వీడికి ఎన్నేళ్లు?’ అని అడిగితేనే అది కదులుతుంది. అడిగేవాడు లేకపోతే ఏమవుతుందో 2023 మార్చి 27న సుప్రీంకోర్టు ఇచ్చిన ఒక తీర్పు చెబుతుంది. 1994లో పుణేలో ఒకే ఇంట్లో ఐదుగురు స్త్రీలు, ఇద్దరు పిల్లలు హత్యకు గురయ్యారు. వినడానికే ఒళ్లు జలదరించే నేరం. ఆ కేసులో ఒకరికి 1998లో మరణశిక్ష పడింది, పై కోర్టులూ దాన్ని ఖాయం చేశాయి. ఏళ్ల తర్వాత రాజస్థాన్‌లో అతడు చదివిన బడి రికార్డు బయటికొచ్చింది. నేరం జరిగిన నాటికి అతడి వయసు పన్నెండున్నర ఏళ్లు! 1994లో అమల్లో ఉన్న చట్టం ప్రకారం కూడా అతడు బాలుడే. మరణశిక్ష మాట దేవుడెరుగు, అతణ్ణి పెద్దల జైలుకే పంపకూడదు. సుప్రీంకోర్టు అతణ్ణి విడుదల చేసేనాటికి జైల్లో 28 ఏళ్లు దాటిపోయాయి. పిల్లవాడిగా లోపలికి వెళ్లినవాడు నలభై ఏళ్లు దాటాక బయటికొచ్చాడు.

ఆ తీర్పు చదివినవారికి ఇద్దరి మీద జాలి కలగాలి. మొదట ప్రాణాలు పోగొట్టుకున్న ఆ ఏడుగురి మీద, వారి కుటుంబం మీద. తర్వాత వయసు అడిగేవాడు లేని ఆ పన్నెండేళ్లవాడి మీద. మైనరునన్న వాదనను ఏ కోర్టులోనైనా, ఏ దశలోనైనా, కేసు పూర్తిగా ముగిసిపోయాక కూడా లేవనెత్తవచ్చని చట్టం చెబుతోంది. అందువల్లే ఆ మనిషికి ఉరి తప్పింది. కానీ పోయిన యౌవనాన్ని ఏ కోర్టూ తిరిగి ఇవ్వలేదు.

ఇక్కడ ఒక బలమైన అభ్యంతరం ఉంది, దాన్ని దాటవేయడం భావ్యం కాదు. ఘోరం చేసినవాడికి పద్దెనిమిదికి ఇంకా నాలుగు నెలలు తక్కువన్నందుకు శిక్ష తగ్గాలా? 2012 డిసెంబరులో ఢిల్లీలో జరిగిన ఘోరం తర్వాత దేశం అడిగిన ప్రశ్న అదే. నిందితుల్లో ఒకడు మైనరు, వాడికి 2013లో పడింది చట్టంలోని గరిష్ఠ కాలం, మూడేళ్లు మాత్రమే. కూతురిని పోగొట్టుకున్న తల్లిదండ్రుల కడుపుకోత ముందు ఎవరైనా తలవంచాల్సిందే. అయినా ఆ సమయంలోనే నియమించిన జస్టిస్ వర్మ కమిటీ అన్నీ ఆలోచించి 2013 జనవరిలో ఇచ్చిన నివేదికలో వయో హద్దును 16కు తగ్గించమని సిఫారసు చేయలేదు. సుప్రీంకోర్టు కూడా అదే ఏడాది జులైలో హద్దు తగ్గించడానికి నిరాకరించింది. పార్లమెంటు మాత్రం 2015 డిసెంబరులో ఒక మధ్యేమార్గం తెచ్చింది. 2016 జనవరి 15 నుంచి అమల్లోకి వచ్చిన ఈ చట్టం ప్రకారం, కనీసం ఏడేళ్లు లేదా అంతకు మించిన శిక్ష ఉన్న ఘోర నేరాల్లో 16 నిండి 18 లోపున్న పిల్లల మానసిక, శారీరక సామర్థ్యాన్ని, పర్యవసానాలు అర్థం చేసుకునే శక్తిని, నేరం జరిగిన పరిస్థితులను బోర్డు ముందుగా మదింపు వేస్తుంది. అవసరమనుకుంటే పెద్దవాడిలా విచారించడానికి కేసును బాలల కోర్టుకు పంపుతుంది.

అంటే ‘మైనరు ఏం చేసినా మూడేళ్లే’ అన్న మాట 2016 నుంచి నిజం కాదు. ఇప్పుడు అసలు ప్రమాదం మరోచోట ఉంది. ఆ మదింపు ఎంత నాజూకైన పనో 2022 జులైలో సుప్రీంకోర్టు ఒక స్కూలు విద్యార్థి హత్య కేసులో వివరించింది. తెలివితేటలు ఉన్నంత మాత్రాన పర్యవసానాలు గ్రహించే పరిపక్వత ఉన్నట్టు కాదని, దానికి మానసిక నిపుణుల సాయం కావాలని చెప్పింది. ఈ పని వీధిలోని కోపంతోనో, టీవీలోని అరుపులతోనో చేసేది కాదు. ఇశ్రాయేలులో ఆశ్రయపురాలను దేవుడు పెట్టించింది కూడా ఇందుకే. ప్రాణం తీసినవాడు పురద్వారం దగ్గర నిలబడి తన సంగతి పెద్దలకు చెప్పుకునేదాకా, సమాజం ముందు తీర్పు జరిగేదాకా, ప్రతీకారం తీర్చుకునేవాడి చేతికి వాణ్ణి అప్పగించకూడదు (యెహోషువ 20). ఆ పురాలు హంతకుణ్ణి నిర్దోషిగా ప్రకటించలేదు. కోపానికీ తీర్పుకూ మధ్య ఒక ద్వారాన్ని నిలబెట్టాయి. జువెనైల్ జస్టిస్ బోర్డు మన కాలపు పురద్వారం. ఆ ద్వారాన్ని పడగొట్టమని అరిచేవారిలో సంఘం చేరకూడదు. 16 దాటిన పిల్లల్ని పెద్దల విచారణకు పంపే దారి ఎంత ఇరుకుగా ఉంటే అంత మంచిదన్నది నా అభిప్రాయం.

లెక్కలు కూడా చూద్దాం. జాతీయ నేర గణాంక సంస్థ ప్రకారం 2022లో దేశంలో మైనర్ల మీద నమోదైన కేసులు 30,555. ఆ ఏడాది దేశంలో నమోదైన మొత్తం కేసులు 58 లక్షలకు పైనే. అంటే నూటికి ఒకటి కూడా లేదు. దేశంలో నేరాలకు మైనర్లే మూలమన్నట్టు మాట్లాడటం సత్యం కాదు, సత్యం కానిదాన్ని విశ్వాసి పలకకూడదు.

మన సంఘాలను నేరుగా తాకే మరో సంగతి కూడా చెప్పుకోవాలి. పదిహేడేళ్ల అబ్బాయి, పదహారేళ్ల అమ్మాయి ఇష్టపడి ఇల్లు వదిలి వెళ్లారనుకోండి. పరువు పోయిందని, కులం వేరని పెద్దలు పోక్సో కేసు పెట్టిస్తారు. కులం క్రీస్తులో పోయిందని పాడే మన ఇళ్లలోనూ ఇది జరుగుతోంది! 18 ఏళ్లలోపు అమ్మాయి అంగీకారాన్ని పోక్సో చట్టం లెక్కించదు. చొచ్చుకుపోయే లైంగిక దాడి రుజువైతే ఆ చట్టంలో కనీస శిక్షే పదేళ్లు. అందువల్ల అది ఘోర నేరాల జాబితాలో పడుతుంది, ఆ అబ్బాయిని పెద్దవాడిగా విచారించాలా అన్న ప్రశ్న ఎదురవుతుంది. పరువు కోసం, పంతం కోసం రాసే ఫిర్యాదు ఒక పిల్లవాణ్ణి ఎక్కడిదాకా తీసుకెళ్తుందో సంఘ పెద్దలు ముందే తెలుసుకోవాలి. కానీ దీన్నే సాకుగా తీసుకుని నిజమైన అఘాయిత్యాలను ‘మనలో మనం’ పరిష్కరించుకుందామని కూర్చునే పెద్దలకూ ఒక హెచ్చరిక. పిల్లల మీద లైంగిక నేరం జరిగిందని తెలిసినవారు పోలీసులకు చెప్పి తీరాలని, చెప్పకపోవడం కూడా నేరమని అదే పోక్సో చట్టం అంటోంది. బిడ్డ నోరు నొక్కి సంఘం పేరు కాపాడటం ప్రభువు దృష్టిలో హేయం. నిందితుడైన పిల్లవాడి హక్కుల గురించి మాట్లాడేముందు, బాధపడిన బిడ్డ ఇంటి గడప తొక్కి ఆ కుటుంబానికి తోడుగా ఉండటం సంఘం మొదటి బాధ్యత.

మరి సంఘం చేయగలిగిందేమిటి? మొదటిది చాలా చిన్న పని. వయసు తేల్చడానికి చట్టం ముందుగా చూసేది బడి ఇచ్చిన పుట్టినతేదీ సర్టిఫికెట్ లేదా పదో తరగతి సర్టిఫికెట్. అవి లేకపోతే మున్సిపాలిటీ లేదా పంచాయతీ ఇచ్చిన జనన ధ్రువపత్రం. అదీ లేకపోతేనే ఎముకల పరీక్ష లాంటి వైద్య పరీక్షలు. చర్చిలోని బాప్తిస్మపు రిజిస్టరు ఆ వరుసలో లేదు. కాబట్టి బిడ్డను ప్రతిష్ఠించే రోజున, బాప్తిస్మం ఇచ్చే రోజున పాస్టరుగారు తల్లిదండ్రులను ఒక ప్రశ్న అడగాలి. ‘జననం నమోదు చేయించారా? కాగితం తెచ్చుకున్నారా?’ లేకపోతే యౌవనస్థుల్లో ఒకరిని తోడిచ్చి ఆఫీసుకు పంపాలి. పుట్టినరోజును ఏదో ఒక తేదీ వేసి బడిలో రాయించే అలవాటునూ మాన్పించాలి. ఆ ఒక్క కాగితం లేక బాల్యాన్ని నిరూపించుకోలేని పిల్లలున్న దేశం మనది.

రెండోది, పక్కన నిలబడటం. మాసిన చీరతో స్టేషను గుమ్మంలో నిలబడిన తల్లి మాటకు ఉండే విలువకూ, ఆమె పక్కన ఒక టీచరో, రిటైర్డ్ ఉద్యోగో, పాస్టరో ఉన్నప్పుడు ఆ మాటకు వచ్చే విలువకూ ఉన్న తేడా మనందరికీ తెలుసు. అది అన్యాయమే, కానీ నిజం. ఆ తేడాను పేదల పక్షాన వాడటం పాపం కాదు. ప్రతి సంఘంలో ఇద్దరు ముగ్గురైనా ఈ చట్టం తెలిసినవారు ఉండాలి. ఉచిత న్యాయసహాయానికి 15100, పిల్లల ఆపదకు 1098 నంబర్లు నోటీసు బోర్డు మీద ఉండాలి. మన విశ్వాసుల్లో లాయర్లున్నారు, వాళ్ల వరాన్ని కమిటీ ఎన్నికల తగాదాలకే ఎందుకు వాడుకుంటాం? పిల్లల విద్య, ఆరోగ్యం, సంక్షేమ రంగాల్లో ఏళ్ల తరబడి పనిచేసిన అనుభవజ్ఞులున్నారు, వాళ్లు బోర్డు సభ్యత్వానికి దరఖాస్తు చేసుకోవచ్చు.

మూడోది, జామీను. పౌలు ఫిలేమోనుకు రాసిన చిన్న పత్రిక నిజానికి ఒక జామీను పత్రం. ఒనేసిము నీకేమైనా నష్టం చేసి ఉంటే, బాకీ ఉంటే అది నా లెక్కలో వేసుకో, తీరుస్తానని తన చేత్తో రాసిచ్చాడు (ఫిలేమోను 18, 19). నేరం చేసిన పిల్లవాణ్ణి తన సంరక్షణలోకి తీసుకుంటానని ముందుకొచ్చే యోగ్యుడైన వ్యక్తిని విచారించి గుర్తించే అధికారం చట్టం బోర్డుకు ఇచ్చింది. ఇల్లున్న, వయసు మళ్లిన, మంచి పేరున్న విశ్వాస దంపతులు మన సంఘాల్లో ఎందరున్నారు! ఒక్క కుటుంబం ముందుకొచ్చినా ఒక పిల్లవాడు మళ్లీ బడికి వెళ్తాడు.

నాలుగోది, నోరు కట్టుకోవడం. కేసులో ఉన్న పిల్లల పేరు, ఊరు, బడి, ఫొటో ఏ రూపంలోనూ బయటపెట్టకూడదని, అలా చేస్తే ఆరు నెలల వరకు జైలు గానీ, రెండు లక్షల రూపాయల వరకు జరిమానా గానీ, రెండూ గానీ పడవచ్చని ఈ చట్టం 74వ సెక్షను చెబుతోంది. నేరం చేసిన పిల్లలకే కాదు, బాధితులైన పిల్లలకూ, సాక్షులైన పిల్లలకూ ఇది వర్తిస్తుంది. మన దగ్గర ఏం జరుగుతోంది? ప్రార్థన మనవి పేరుతో వాట్సాప్ గ్రూపులో ‘ఫలానావారి అబ్బాయి ఫలానా కేసులో ఉన్నాడు’ అని పెడతాం. ఆమెన్‌లు వరస కడతాయి, వార్త ఊరంతా పాకుతుంది. క్రిస్మస్‌కు అబ్జర్వేషన్ హోంకు వెళ్లి కేకులు పంచి, పిల్లల ముఖాలు కనబడేలా ఫొటోలు తీసి వార్షిక నివేదికలో వేస్తాం. మారుమనస్సు పొందిన కుర్రవాణ్ణి వేదిక ఎక్కించి చేసిన దొంగతనాలన్నీ మైకులో చెప్పించి, దాన్ని సాక్ష్యం అంటాం. పెద్దవాడు తన గతాన్ని తానే చెప్పుకోవడం వేరు. పదహారేళ్లవాడి చేత చెప్పించడం వేరు. వాడి పాపాన్ని ప్రభువు క్షమించాడు, రికార్డును చట్టం చెరిపేస్తుంది. యూట్యూబులోని ఆ సాక్ష్యాన్ని మాత్రం ఎవరు చెరుపుతారు? ఒనేసిమును కొలొస్సయి సంఘానికి పరిచయం చేస్తూ పౌలు నమ్మకమైన ప్రియ సహోదరుడనీ, మీలో ఒకడనీ రాశాడు (కొలొస్సయి 4:9). పాత సంగతి ఒక్క ముక్క కూడా అక్కడ లేదు. మారినవాణ్ణి పరిచయం చేయవలసిన పద్ధతి అది.

ఇదంతా నేరాన్ని వెనకేసుకురావడమేనని కొందరు అనవచ్చు. తప్పు చేసిన పిల్లవాడు తన తప్పును చూడాలి, నష్టపోయినవారి బాధ వాడికి తెలియాలి, దిద్దుబాటు జరగాలి. అబ్జర్వేషన్ హోం అయినా, స్పెషల్ హోం అయినా, ప్రొబేషన్ అధికారి దగ్గర వారం వారం హాజరైనా అది వాడి అరణ్యం. ఆ నడక వాడు నడవాల్సిందే. వాడితో పాటు నడిచే పెద్దలు, నడక ముగిశాక వాడు చేరుకోవడానికి ఒక చోటు ఉండాలన్నదే మనం అడిగేది. శిక్ష అనుభవించి వచ్చినవాడికి ఆదివారం ఆరాధనలో కూర్చోవడానికి బల్ల మీద ఖాళీ లేకపోతే, మనం పాటల్లో పాడే కృప ఎక్కడుందని వాడు అడిగితే జవాబు చెప్పలేం.

కాదేషులో కోపించిన దేవుడే వయసు అడిగాడు. ఏ స్టేషను గుమ్మంలోనో, ఏ బోర్డు వరండాలోనో ఈ రోజు కూడా ఒక తల్లి నిలబడి ఉంటుంది. ఆమె కొడుకు చేసిన పని మంచిది కాకపోవచ్చు, ఆమె మన సంఘస్థురాలు కూడా కాకపోవచ్చు. ఆమె దగ్గరికి వెళ్లినవాళ్లు ‘ఏం చేశాడమ్మా మీవాడు?’ అని మొదలుపెడితే అది విచారణ అవుతుంది. ‘బాబుకు ఎన్నేళ్లమ్మా? కాగితం ఏమైనా ఉందా? పద, లోపలికి వెళ్దాం’ అంటే అది పరిచర్య అవుతుంది.